గోడ మీద బొంతల గుర్తులు

మా వాడు పోయి మూడు నెలలు దాటింది. హిందూపురం నుంచి బండి మీద వస్తూ చెన్నేకొత్తపల్లి దగ్గర పడిపోయాడని మధ్యాహ్నం పూట ఫోను వచ్చింది. నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాను. ఎవరిదో కొత్త గొంతు. "ఈ ఫోనులో అమ్మ అని ఉండాది, మీరేనా?" అని అడిగాడు. ఆ తర్వాత అతను చెప్పినదేదీ నాకు గుర్తు లేదు.

ధర్మవరంలో మా వీధివాళ్లకు వాడు "పెద్ద స్పీకర్ల పిల్లోడు". హిందూపురంలో మూతపడిన సినిమా హాలు నుంచి పాత స్పీకర్లు రెండు తెచ్చాడు. వాటికి పెట్టెలు పెనుకొండ వడ్రంగితో చేయించాడు. ఆయన వాటిని దించుతూ, "ఏమప్పా, నేను చేసింది బీరువానా, కోళ్లగూడా? ఏదో ఒకటి చెప్పు, ఊర్లో అడుగుతాండారు" అన్నాడు. నా భుజాలంత ఎత్తున్నాయి అవి. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో మనిషి మాట వినడానికి తీరిక లేనివాడికి ఇంత పెద్ద స్పీకర్లు ఎందుకని తిట్టాను.

వాటిని మగ్గం గదిలో పెట్టాడు. మా ఆయన పోయాక మగ్గం తీసేశాం, దాని గుంత మాత్రం అలాగే ఉంది. ఆ గుంత నిండా పత్తి కూరి పైన పలకలు పరిచాడు. "లావు శబ్దమంతా దీంట్లో మునిగిపోతాదిమా" అన్నాడు. తర్వాత గది నాలుగు మూలలా తిరుగుతూ చప్పట్లు కొట్టడం, చెవి ఒగ్గి వినడం. సంతలో కుండను తట్టి చూసినట్టు గదిని తట్టి చూసేవాడు.

"గోడలు ఎదురు మాట్లాడతాండాయి మా. వీటి నోరు మూయించాల."

నోరు మూయించే పని నా మీద పడింది. నా పాత నూలు చీరలన్నీ కోసి పది బొంతలు కుట్టాను. మొదటిది చూసి విప్పమన్నాడు. "ఇంత బిగించి కుడితే ఎట్లమా? ఊపిరాడాల దానికి. కుట్టు వదులుగా ఉంటేనే శబ్దం లోపలికి పోతాది." ముప్పై ఏళ్లు బొంతలు కుట్టినదాన్ని, నాకు నేర్పించడానికొచ్చాడని మూడు రోజులు మాట్లాడలేదు. కానీ విప్పి మళ్లీ కుట్టాను. వాటిని చెక్క చట్రాలకు బిగించి, జానెడు ఒకచోట, మూరెడు ఒకచోట జరుపుతూ గోడలకు తగిలించాడు.

ఆ పని అయిన రోజు నన్ను పిలిచి, నేల మీద సుద్దముక్కతో గీసిన గుర్తు దగ్గర కుర్చీ వేసి, "ఈడ కూర్చో, కదలద్దు" అన్నాడు. తన పాత ఫోను కలిపి మీట నొక్కాడు. మగ్గం ఆడింది! నా ముందే, ఆ గుంత మీదే. మా ఆయన ఉన్నప్పుడు వీడెప్పుడో రికార్డు చేసి దాచాడట. నేత బిగించే పలక దెబ్బ, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆయన దగ్గు. చివర్లో "ఏంరా, నీకేం పనిలేదా?" అని ఆయన గొంతు, "ఐపోయె నాయనా, ఇంగొక్క నిమిషం" అని వీడిది. నేను లేచి గుంత దాకా పోయాను. "కదలద్దంటి గదమా" అని వాడు నవ్వాడు. ఇందుకా ఇన్నాళ్లూ నా చీరలు కోయించావని అడగాలనుకున్నాను. మళ్లీ ఒకసారి పెట్టమని మాత్రం అన్నాను.

చనిపోయినవాళ్లు పడుకున్న చాప, దిండు, బొంత పెద్దదినం తర్వాత ఇంట్లో ఉంచకూడదని మా వాళ్లలో ఆచారం. ఆ రోజు మా మరిది ఆటో తెచ్చి వాడి పక్కబట్టలన్నీ వేయించాడు. గోడల వైపు చూసి, "వదినా, ఈ బొంతలు గూడా వానివే గదా?" అన్నాడు. తల ఊపింది నేనే. ఆ పూట ఎవరేమడిగినా తల ఊపుతున్నాను. చట్రాలతో సహా పోయాయి. ఎవరెవరికి పంచారో ఎంత అడిగినా తెలియలేదు.

నెల తర్వాత ఆ మీట నొక్కాను. నాకోసం వాడు దానిమీద ఎర్ర చుక్క పెట్టాడు. మగ్గం ఒకటి కాదు, ఒకేసారి పది మగ్గాలు ఆడినట్టుంది. చివర్లో రెండు గొంతులూ కలిసి గోడలకు తగిలి చిందరవందరయ్యాయి. తండ్రి ఎవరో కొడుకు ఎవరో నాకే తెలియలేదు. మళ్లీ పెట్టాను, మళ్లీ పెట్టాను. వాడి మీద కోపమొచ్చింది. అన్నీ కొలిచినవాడివి, ఏది ఎక్కడుండాలో ఒక కాగితం మీద రాసిపెట్టకూడదా?

అప్పుడు గోడ చూశాను. గోడంతా మసకబారింది, బొంతలున్న చోట మాత్రం నీలం రంగు కొత్తగా ఉంది. పది గుర్తులు.

మొన్న మా మరిది సున్నం కొట్టేవాణ్ని తీసుకొచ్చాడు. నేను గడపకు అడ్డంగా కూర్చున్నాను.

"మనిషి పోయిన ఇల్లు వదినా! సున్నం కొట్టకుండా యాడన్నా పెడతారా?"

"ముందు గది కొట్టుకోపో. ఈ గదిలో కుంచె పెట్టద్దు."

"ఏంది వదినా, మరకలకు కాపలా కాస్తాండావు?"

"కాస్తాండా. నీ ఆటోలో పోయినవి చాలు."

పాపం, అతను తల దించుకున్నాడు. సున్నం కొట్టేవాడు బకెట్టు పట్టుకుని ఇద్దరి మొహాలూ చూసి, "నేను టీ తాగొస్తానమ్మా" అని జారుకున్నాడు.

ఇప్పుడు పట్టు దారంతో ఆ గుర్తులు కొలుచుకుని బొంతలు కుడుతున్నాను. పెనుకొండ వడ్రంగి చట్రాలు పంపిస్తున్నాడు. నాలుగు అయ్యాయి. వాడు గుర్తొస్తే చెయ్యి బిగుస్తుంది, కుట్టు బిగుస్తుంది. విప్పి మళ్లీ వదులుగా కుడతాను. ఒక్కొక్కటీ తగిలించాక సుద్ద గుర్తు దగ్గర నిలబడి చప్పట్లు కొడతాను. ఎడమ గోడ ఊరుకుంది. కుడివైపున ఆరు నీలం గుర్తులు ఖాళీగా ఉన్నాయి, అటునుంచి నా చప్పుడు ఇంకా తిరిగొస్తూనే ఉంది.