రెండో ర్యాంకు నగరానికి వెళ్ళిన సొరుగుల బీరువా

మా వర్క్‌షాపు పెద్ద మేస్త్రిని ఎదురుగా మేస్త్రిగారూ అని, వెనకాల మూలమట్టం అని పిలిచేవాళ్ళం. చెక్క మూల నిక్కచ్చిగా కుదిరిందో లేదో చూసే పనిముట్టు పేరది. ఎవరింటికి వెళ్ళినా ఆయన చూపు ముందు తలుపు మూలల మీదికి పోయేది, ఇంట్లోవాళ్ళ మొహాల మీదికి ఆ తర్వాత.

ముప్పై రెండేళ్ళ అనుభవం. సొరుగులు చెయ్యడంలో ఆయన్ని మించినవాడు మా ఊళ్ళో లేడు. ఆయన చేసిన బీరువాలో ఒక సొరుగు లోపలికి నెడితే, లోపలి గాలికి దారి దొరక్క పక్క సొరుగు దానంతటదే వేలెడు బయటికొచ్చేది. కొన్నవాళ్ళు అది చూసి నవ్వుకునేవాళ్ళు. నేను అక్కడ పాలిష్ పని చేసేవాణ్ణి. ఆయన చిత్రిక పట్టి ఇచ్చిన పలక మీద ఉప్పుకాగితం రుద్దాల్సిన పని సగమే ఉండేది.

అంతటి పనిమంతుడికి ఒకే జబ్బు, అసూయ. ఇంకొకరి మేడను చూసో బండిని చూసో కుళ్ళుకునే రకం కాదు. ఆయన అసూయంతా ఒక ఊరి మీద.

ఆ ఊళ్ళో ఆయన తోడల్లుడు ఉండేవాడు, భార్య చెల్లెలి మొగుడు. ఫర్నిచర్ షోరూములో అమ్మకాలు చూసేవాడు. రంపం ఏ వైపు పట్టుకోవాలో తెలియదు గాని చెక్క గురించి గంటసేపు మాట్లాడగలడు. పదేళ్ళ కింద సముద్రం ఒడ్డునున్న ఆ మహానగరానికి మారాడు. అప్పట్నుంచి మరదలు ఫోను చేసినప్పుడల్లా మేస్త్రి చెవులు అటే ఉండేవి. ట్రాము సరిగ్గా ఇంటి ముందే ఆగుతుందట. లైబ్రరీకి వెళ్తే పుస్తకాలు ఇంటికే ఇచ్చి పంపుతారట. సాయంత్రమైతే ఊరు ఊరంతా ఒడ్డున నడుస్తుందట. మా ఊళ్ళో సాయంత్రమైతే ఊరు ఊరంతా బస్సు కోసం నిలబడేది.

ఒక ఆదివారం పేపర్లో జాబితా ఒకటి పడింది. బతకడానికి అనువైన మహానగరాలట. తోడల్లుడి ఊరు రెండోది. మా ఊరు ముప్పై ఏడు. మేస్త్రి ఆ పేజీని సోమవారం వర్క్‌షాపుకు పట్టుకొచ్చి నా బల్ల మీద పరిచాడు.

"ఎవడు కొలిచాడోయ్ ఇది? ఏ బద్దతో కొలిచాడు?"

"నాకేం తెలుసు మేస్త్రిగారూ. నేను ముప్పై ఏడో ఊరివాణ్ణి."

ఆయన నవ్వలేదు. పెన్సిలు తీసి, మా ఊరికీ ఆ ఊరికీ పక్కపక్కన గీతలు గీశాడు. ఇంటి నుంచి పనికి నడక, మనకు పదకొండు నిమిషాలు, వాళ్ళకు ట్రాములో ముప్పావుగంట. ఎండ, మనకెక్కువ. గది వెడల్పు, మనకెక్కువ. నీళ్ళు, వాళ్ళకు రోజంతా. చెట్లు, వాళ్ళకే. ఆసుపత్రి, వాళ్ళకే. మొదట మనవైపు బరువుగా ఉన్న కాగితం మెల్లగా అటు ఒరిగింది. అప్పుడు పెన్సిలు పక్కన పెట్టి, "కాగితం మీద ఎవడైనా ఏదైనా రాస్తాడు" అన్నాడు.

ఇంట్లో ఆయన భార్య స్కూలు యూనిఫాంలు కుట్టేది. మాట కూడా కుట్టుపనిలాగే, చిన్నగా, గట్టిగా.

"మీకు కుళ్ళండీ" అందొకసారి.

"కుళ్ళేం కాదు. ఉన్నమాట చెప్తున్నా."

"ఉన్నమాటైతే మా చెల్లి ఫోను రాగానే స్టవ్ ఎందుకు ఆపేస్తారు? ఆ చప్పుడులో వినబడదనేగా."

ఆవిడకు ఆ ఊరంటే దాపరికం లేని ఇష్టం. పిల్లలిద్దరూ పెళ్ళిళ్ళై ఎవరిదారిన వాళ్ళున్నారు. ఇక్కడ ఆవిడకు మాట్లాడే తోడు కుట్టుమిషనే. అక్కడ చెల్లెలుంది. మిగిలిన జీవితం ఆ ఊళ్ళో గడపాలని ఆవిడ ఏనాడూ అడగలేదు. అడక్కపోవడమే ఆయన్ని ఎక్కువ పొడిచేది.

అలాంటి రోజుల్లో తోడల్లుడే ఫోను చేశాడు.

"అన్నయ్యా, మా యజమాని సొంతంగా వర్క్‌షాపు పెడుతున్నాడు. పెద్ద మేస్త్రి కావాలట. నీ గురించి చెప్పాను."

"ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పా. కొంచెం ఎక్కువే చెప్పా. నీ చేతిపని ఒకటి చూస్తానన్నాడు. మా ఇంటికి ఒక సొరుగుల బీరువా చేసి పంపు. ఆయన్ని ఇంటికే పిలుస్తా."

ఆ రాత్రి భార్యకు సంగతి చెప్పాడట. పొద్దున లేచేసరికి అలమర పైనున్న పెద్ద ట్రంకుపెట్టె దుమ్ము తుడిచి కిందికి దించి ఉంది. ఆవిడ ఆశ ఎంత దూరం పోయిందో ఆయనకు ఆ పెట్టెను చూస్తే తెలిసింది.

ఆ బీరువాకు నెలన్నర పట్టింది. ఆరు సొరుగులు. సాధారణంగా సొరుగుకీ చట్రానికీ మధ్య ఆయన దళసరి అట్టముక్క మందం ఖాళీ వదిలేవాడు. ఈసారి పల్చటి కాగితం పెట్టి చూస్తున్నాడు. అదీ కష్టంగా దూరుతోంది. నాకు అనుమానమొచ్చింది.

"మేస్త్రిగారూ, అది సముద్రం పక్క ఊరు కదా. చెక్క ఉబ్బదూ? కాస్త వదిలితే..."

"వదిలితే? వాళ్ళు చేసేదానికీ నేను చేసేదానికీ తేడా ఏముంటుంది?"

"ఉబ్బితే తెరుచుకోదు కదా."

"నాకు చెప్తున్నావా?" అన్నాడు.

నిజమే. పనిలో చేరిన ప్రతివాడికీ ఆయన మొదటిరోజు చెప్పే పాఠం అదే. చెక్క చచ్చిన తర్వాత కూడా నీళ్ళు తాగుతుంది, దాని దాహానికి చోటు వదలాలి అని. తెలియక చేసినవాడికి చెప్పొచ్చు. తెలిసి చేసేవాడికి ఎవరు చెప్తారు? ఆయన ఆ సొరుగులు ఆ ఇంటి కోసం చెయ్యడం లేదు. ఆ ఊరి మొహం మీద కొట్టడానికి చేస్తున్నాడు.

బీరువా వెళ్ళింది పొడి నెలల్లో. మరదలు ఫోను చేసి, "బావగారూ, ఒకటి నెడితే ఇంకోటి వస్తోంది. ఇల్లంతా అదే ఆట" అంది. ఆ వారమంతా మేస్త్రి ఈల వేస్తూ పనిచేశాడు. ఆయన ఈల వెయ్యగలడని అప్పటిదాకా మాకు తెలియదు.

యజమాని ఏవో ప్రయాణాల్లో పడి రెండు నెలలదాకా రాలేదు. ఈలోగా అక్కడ వానలు పట్టుకున్నాయి. వచ్చిన రోజు పై సొరుగు పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. పక్కది లాగాడు. రాలేదు. మూడోదాన్ని కాలు తన్నిపెట్టి లాగితే పిడి చేతికొచ్చింది. "బాగుందయ్యా, దొంగలకు కూడా లొంగదు" అన్నాడట.

ఈ సంగతి తోడల్లుడు ఫోనులో చెప్తుంటే మేస్త్రి గోడవైపు తిరిగి విన్నాడు. అయ్యాక సంచిలో రెండు చిత్రికలు, ఉలి, సుత్తి పెట్టుకున్నాడు. "ఆదివారానికి వచ్చేస్తా" అని నాతో అన్నాడు. భార్య స్టేషనుదాకా వచ్చిందట. "బాగుచేసి రండి. ఆ తర్వాత సంగతి తర్వాత" అందట.

అక్కడ జరిగినదంతా తిరిగొచ్చాక ఆయనే నాకు చెప్పాడు. ఉన్నదానికి రంగు వేసే అలవాటు ఆయనకు లేదు, రంగు వెయ్యడం నా పని.

ఆ ఊళ్ళో దిగినప్పటి నుంచి తప్పు కోసం వెతికాడు. ట్రాము ఆలస్యమవ్వాలని చూశాడు, చెప్పిన నిమిషానికే వచ్చింది. జనం కసురుకోవాలని చూశాడు, ఒకాయన దారి చెప్పి నాలుగడుగులు వెంట కూడా వచ్చాడు. తోడల్లుడి ఇల్లు మూడో అంతస్తు, చిన్న గదులు. చిన్న గదులని సంతోషపడబోయేలోపు కిటికీలోంచి వెలుతురు బల్ల మీద పడింది. ఆ వెలుతురులో కుట్టుమిషను పెట్టుకుంటే తన భార్యకు అద్దాలు కూడా అక్కర్లేదనుకున్నాడు. ఆ మాట తట్టగానే ఒళ్ళు మండిపోయింది. నిజంగానే మంచి ఊరు. అబద్ధమైనా బాగుండేది.

మరుసటిరోజు పొద్దున్నే బీరువాను గోడ నుంచి జరిపి, వెనక పలక విప్పి, సొరుగులు వెనక నుంచి సుత్తితో తట్టి బయటికి నెట్టాడు. పక్కపలకలు మందంగా ఉబ్బి ఉన్నాయి. చిత్రిక పడుతుంటే తోడల్లుడు పక్కన నిలబడి మాట్లాడుతూనే ఉన్నాడు.

"అన్నయ్యా, యజమాని పదింటికి వస్తాడు. నువ్వేం మాట్లాడకు. లారీలో వచ్చేటప్పుడు తడిసిందని చెప్పేశా. టార్పాలిన్ చిరిగిందని కూడా చెప్పా."

"చిరిగిందా?"

"చిరిగిందనే అనుకో. పెద్ద మేస్త్రి చోటుకు ఇక్కడివాణ్ణి ఒకణ్ణి మాట్లాడుకున్నాడు గాని, ఇంకా ఖాయం చెయ్యలేదు. లారీ మాట నిలబడితే నీకే వస్తుంది. వదిన కోసమైనా నోరు మెదపకు."

యజమాని సరిగ్గా పదింటికే వచ్చాడు. అరవై దాటిన మనిషి, చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. నేల మీద ముంగాళ్ళ మీద కూర్చుని, రాలిన చిత్రిక పొరను వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకేసి చూశాడు. పొర ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే మందం.

"లారీలో తడిసిందట కదా?"

మేస్త్రి చెయ్యి ఆగింది. తోడల్లుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"లేదండీ. లారీది తప్పేం లేదు. నేనే బిగువుగా చేశా."

"ఈ గాలికి ఉబ్బుతుందని తెలియదా?"

"తెలుసండీ."

"తెలిసి ఎందుకు చేశారు?"

మేస్త్రి తోడల్లుడి వైపు వేలు చూపించాడు. "ఇతను ఈ ఊళ్ళో ఉంటున్నాడని కుళ్ళు. మీ ఊళ్ళో ఇలాంటి పని చేసేవాడు లేడనిపించుకోవాలని చేశా."

తోడల్లుడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. యజమాని చేతిలోని పొర కింద పెట్టి లేచాడు. తర్వాత, "ఉన్నాడో లేడో చూద్దురుగాని రండి" అని, తాను మాట్లాడుకున్న ఆ ఊరి మేస్త్రి పాత వర్క్‌షాపుకు తీసుకెళ్ళాడు.

అక్కడొక ముసలాయన పని చేసుకుంటున్నాడు. పలకరిస్తే తలూపాడంతే. మేస్త్రి ఎప్పటిలాగే ముందు మూలలు చూశాడు. తప్పు లేదు. సొరుగు లాగాడు. వాన కురుస్తున్న ఆ రోజు కూడా వెన్నలా వచ్చింది. నెట్టాడు. పక్క సొరుగు, మరీ అంత కాదుగాని, గోరంత బయటికొచ్చింది.

మేస్త్రి సొరుగు అంచున వేలు పెట్టి తడిమాడు. "ఖాళీ ఎంత వదిలారు?"

ముసలాయన గోడ చూపించాడు. సన్నటి చెక్కబద్దలు అయిదు, అయిదు రకాల చెట్లవి, అడ్డంగా కోసినవి. ఒక్కోదానికి ఒక చివరే మేకు. రెండో చివర ఖాళీ. ఆ చివర పక్కన గోడ మీద పెన్సిలు గీతలు, ప్రతి గీతకూ ఒక నెల. వానలో బద్ద ఎక్కడిదాకా పెరిగింది, ఎండలో ఎక్కడికి తగ్గింది, పదిహేడేళ్ళ లెక్క. ఆయన ఏ నెలలో పని చేస్తే ఆ నెల గీత చూసుకుని, దాన్నిబట్టి ఖాళీ వదులుతాడు.

"ముప్పై రెండేళ్ళోయ్" అన్నాడు మేస్త్రి నాతో ఈ ముక్క చెప్తూ. "చెక్క నీళ్ళు తాగుతుందని అందరికీ చెప్పా. ఎంత తాగుతుందో ఒక్కనాడూ గీత గీసుకోలేదు. ఆ గోడ చూస్తుంటే వాడి చెయ్యి నరికి తెచ్చుకోవాలనిపించింది."

యజమాని తలుపు దగ్గర నిలబడి చెప్పాడు. "పెద్ద మేస్త్రి ఆయనే. ఇందాక మీ మాట విన్నాకే ఖాయం చేసుకున్నా. రెండో చోటుంది. ఆయన కింద చెయ్యాలి. ఇష్టమైతేనే."

తోడల్లుడు దారిపొడవునా సణిగాడు. "ఒక్క మాట మింగి ఉంటే ఆ చోటు నీదే. మా షోరూము మేనేజరు పోస్టు నోరు జారి పోగొట్టుకున్నానని నన్నంటావుగా, ఇప్పుడు నువ్వేం చేశావు?" మేస్త్రి వినలేదు. ఇంటికి చేరగానే భార్యకు ఫోను చేశాడు.

"పెద్ద చోటు పోయింది. రెండో చోటిస్తానంటున్నారు. ఒకాయన కింద."

అటువైపు మిషను చప్పుడు ఆగింది.

"మీరు ఒకరి కింద చేస్తారా?"

"చేస్తా."

"నా కోసమైతే వద్దండీ. రేపు ఏదైనా తేడా వస్తే జీవితాంతం నన్నే చిత్రిక పడతారు."

"నీ కోసం కాదు. ఆ ముసలాయన పని చూస్తే నాకు కడుపు మండిపోతోంది. ఆయన ఎలా చేస్తున్నాడో తెలుసుకోందే అన్నం దిగదు."

ఆవిడ నవ్విందట. పెళ్ళయ్యాక ఆయన కుళ్ళు చూసి ఆవిడ నవ్వడం అదే మొదటిసారట.

"మరి వచ్చి సామాను కట్టించండి. నా మిషను మాత్రం లారీలో పంపను. నాతోపాటే తెచ్చుకుంటా" అంది.