బండల కంచె దగ్గర కాన్సస్

కాన్సస్ గురించి ముందే చదువుకుని వెళ్లాను. అమెరికాకు దాదాపు నడుమ ఉన్న రాష్ట్రం. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. గోధుమ, జొన్న పండుతాయి. అక్కడి నుంచి వచ్చిన ఇంజనీరును రెండు రోజులు పత్తికొండ వైపు పల్లెల్లో తిప్పడం నా పని. మా కంపెనీ అక్కడ సోలార్ ప్యానెళ్లు పెట్టబోతోంది. ఆయన నేలను పరీక్షించి పునాదుల సంగతి తేలుస్తాడు. నేను ఒక్కో భూమి ముక్కకు ట్యాబ్‌లో మూడింటిలో ఒకటి నొక్కాలి: ఖాళీ, సాగులో ఉంది, కట్టడం ఉంది. సాగులో ఉందని నొక్కితే, సాగు చేసే మనిషి ఆ చేలో నిలబడిన ఫొటో పెట్టాలి. సాయంత్రంలోగా ఏదీ నొక్కకపోతే యాప్ దాన్ని ఖాళీ కిందే వేసుకుంటుంది.

రెండో రోజు పొద్దున ఆయన ఉన్నట్టుండి జీపు ఆపమన్నాడు. రోడ్డు పక్కన ఒక చేను, దానికి కంచెగా నిలువునా పాతిన బండలు. కర్నూలు, కడప జిల్లాల్లో పెరిగినవాళ్లు వాటిని తల తిప్పి కూడా చూడరు. మాకు కట్టె కంటే బండే సులువుగా దొరుకుతుంది. ఆయన మాత్రం దిగి ఒక బండను అరచేత్తో తడిమాడు. తమ ఊరి చుట్టుపక్కల కూడా గడ్డి తప్ప చెట్టు లేదని, అందుకే సున్నపురాయిని చీల్చి కంచె గుంజలుగా పాతారని చెప్పాడు. ముత్తాత పాతినవి ఇంకా నిలబడే ఉన్నాయట.

నా ట్యాబ్‌లో ఆ ముక్క ప్రభుత్వ బంజరు. కళ్లెదుట మాత్రం మోకాలెత్తు జొన్న ఉంది.

ఆయన బండలను ఫొటో తీస్తుండగానే చేలోంచి ఒక పెద్దాయన గడ్డపార పట్టుకుని పరుగున వచ్చాడు. వెనకే ఆయన భార్య.

“ఏమప్పా, యాడోళ్లు మీరు? ఎవుర్ని అడిగి ఫొటోలు తీస్తాండారు? బండలు పీకేకి వచ్చినారా?”

“పీకేకి కాదు పెద్దప్పా,” అన్నాను. “వాళ్ల దేశంలో గూడా ఇట్లాంటివే ఉండాయంట. ఊరికే చూస్తాండాడు.”

“ఉంటే ఆడే చూసుకోకపాయనా? ఇంత దూరం ఎందుకొచ్చె?”

డ్రైవర్ నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. గడ్డపార దించలేదు.

తన కథ చెబితే ఆయన కోపం తగ్గుతుందని ఇంజనీరు అనుకున్నట్టున్నాడు. ఒక్కో మాటా నేను తెలుగులో చెబుతూ పోయాను. బానిసత్వం వద్దని కొట్లాడినవాళ్లు నిలబెట్టిన రాష్ట్రం వాళ్లది. ముత్తాత వట్టి చేతులతో వచ్చాడు. గడ్డి వేళ్లతో సహా మట్టిపెళ్లలు కోసి ఇల్లు కట్టుకున్నాడు. ఐదేళ్లు అక్కడే ఉండి దున్నితే నూట అరవై ఎకరాలు ప్రభుత్వమే రాసిచ్చింది. మిడతలు వచ్చాయి, తర్వాతి తరాల్లో దుమ్ము తుపాన్లు వచ్చాయి. చాలామంది వెళ్లిపోయారు. కాన్సస్ వాళ్లంటే ఎవరని అడిగితే, ఉండిపోయినవాళ్లమని చెప్పుకుంటారట.

పెద్దాయన గడ్డపారను నేలకు ఆనించాడు.

“ఐదేండ్లకే రాసిచ్చిరా? మా తాత ఈ చేన్లో రాళ్లు ఏరినాడు. మా నాయన ఈ బండలు ఎద్దులబండి మీద తోలినాడు. ఇప్పుడు నేను చేస్తాండా. అడిగినప్పుడల్లా శివాయిజమా అంటారు, కాయితం మాత్రం ఇయ్యరు.”

పట్టా లేకుండా ప్రభుత్వ భూమిని సాగు చేస్తుంటే రికార్డుల్లో రాసే మాట అది. అది ఇంజనీరుకు వివరిస్తుండగా పెద్దాయన భార్య ముందుకొచ్చింది.

“ఆయప్పను ఒక మాట అడుగు. వాళ్ల ముత్తాత రాకముందు ఆ భూమి ఎవురిది?”

కంపెనీ అతిథిని అలా అడగవచ్చా అనుకుంటూనే అడిగాను. ఇంజనీరు బండ మీది నుంచి చెయ్యి తీసేశాడు. కా లేదా కాన్సా అనే తెగవాళ్లదని, రాష్ట్రానికి పేరు కూడా వాళ్ల నుంచే వచ్చిందని చెప్పాడు. వాళ్లను దక్షిణానికి పంపేశారు. తర్వాత కాగితాల మీద ఆ నేల ఖాళీ.

“పేరు పెట్టుకొని మనుషుల్ని తోలేసిరా! శానా తెలివైనోళ్లప్పా,” అంది ఆమె.

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పలేదు.

అప్పుడు ట్యాబ్ సంగతి బయటపెట్టాను. “పెద్దప్పా, ఈ చేన్లో నీ ఫొటో తీసి పెట్టకపోతే సాయంత్రానికి ఇది గూడా ఖాళీ అని పోతాది.”

“ఫొటో ఇస్తే ఒప్పుకున్నట్టే. రేపు దాన్నే చూపించి భూమి ఇచ్చినాడంటారు. నేను నిలబడను.”

అదే సమయంలో మేనేజర్ ఫోన్ చేశాడు. “అది బంజరే గదా? ఖాళీ కొట్టేసి ముందుకు పోండి.” పంట ఉందన్నాను. ఫొటో ఉందా అన్నాడు. సాగులో ఉందని మీరొక్క మాట మేనేజర్‌కు చెప్పండంటూ ఇంజనీరు వైపు తిరిగాను. భూమి ఎవరిదన్నది తన పనిలోకి రాదన్నాడు.

ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆయన ముఖం చూసి అర్థం చేసుకున్నట్టుంది.

“నేను నిలబడతా. నువ్వు గూడా నిలబడల్ల, ఆ తెల్లాయప్ప గూడా. రేపు ఖాళీ అని ఎవురన్నా అంటే మీ ఇద్దరి మొగాలు చూపిస్తా.”

నాది కాంట్రాక్టు ఉద్యోగం. అయినా ఆమె అన్నది అన్నట్టే ఇంజనీరుకు చెప్పాను. ఆయన మొక్కలు తొక్కకుండా నడిచి వెళ్లి ఆమెకు కుడివైపున నిలబడ్డాడు. నేను ఎడమవైపు నిలబడ్డాను. జేబులో ఫోన్ మళ్లీ మోగుతోంది. డ్రైవర్ ట్యాబ్ ఎత్తి “ఇట్ల చూడండి” అంటుండగా పెద్దాయన గడ్డపార పారేసి వచ్చాడు.

“జరగండి, జరగండి. నా చేన్లో నేను లేకుంటే యెట్ల?”

సాగులో ఉందని నొక్కాను. యాప్ తీసుకుంది. తనకూ ఆ ఫొటో కావాలని ఆమె పట్టుబట్టి, పంపేదాకా జీపు కదలనివ్వలేదు.

ఇంజనీరు ఫొటోలోకి ఎందుకొచ్చాడని ఆ సాయంత్రం మేనేజర్ నిలదీశాడు. చేను గలామె నిలబడమందని చెప్పాను. అప్పటి నుంచి యాప్ ఆ ముక్కను ఖాళీ అనీ చూపించదు, సాగు అనీ చూపించదు. పరిశీలనలో ఉందని వస్తోంది.

మొన్న ఆమె ఫోన్ చేసింది.

“పరిశీలన అంటే ఎన్నాళ్లప్పా? పంట కొయ్యల్లా, వద్దా?”

కొయ్యమన్నాను. ఆ మాట చెప్పే అధికారం నాకు లేదు.