ఎవరి మనిషి అని అడిగే పాక

లౌటోకా రేవు నుంచి సువాకు పోయే స్టీమరు తెల్లవారి ఆరింటికి కదులుతుంది. మేముండే లోవు నుంచి రేవుకు నడిచి రావాలి కాబట్టి టికెట్టు ముందురోజే తీసుకుని ఉంచుకోవడం మంచిది. మనకిచ్చేది డెక్కు టికెట్టే. ఎండకూ వానకూ పైన గుడ్డ కట్టి ఉంటుంది గాని, గాలి పక్కనుంచి కొడితే అది ఉన్నా లేనట్టే. తిండి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నేను అటుకులూ బెల్లమూ మూటగట్టుకున్నాను, చెంబులో నీళ్ళు నింపుకున్నాను.

ఆ చెంబు సంగతి చెప్పాలి. మాది ముఖాసాదారుల ఇల్లు. భూములు వేలంలో పోయాక నేను మద్రాసు డిపోలో పేరు రాయించుకుని ఓడెక్కాను. ఇంటి నుంచి నాతో వచ్చింది ఆ రాగి చెంబొక్కటే. దాని మెడ చుట్టూ మా తాతగారి పేరు చెక్కి ఉంటుంది. గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, ఐదేళ్ళూ చెరకు తోట కూలీల లైన్లలో దాన్ని నా తలకింద పెట్టుకుని పడుకున్నాను.

నేను సువాకు వెళ్ళింది నా పని మీద కాదు. మా ఓడలో వచ్చిన నరసమ్మను అక్కడ దిగబెట్టడానికి. ఆమె భర్త సన్నాసి కిందటి చెరకు కోతల్లో జ్వరంతో పోయాడు. ఆమె గిర్మిట్ కూడా తీరిపోయింది. లైన్లలో కూలీల చేత పని చేయించే సర్దారు ఆమెను తన ఇంటికి వచ్చి ఉండమని మొదట మంచిగా చెప్పించాడు, తర్వాత మంచి మానేశాడు. ఓ రోజు ఆమె గది తలుపు విరిగి ఉంది. అప్పుడు లోవులో ఉన్న మా ఓడ వాళ్ళందరూ కూర్చుని మాట్లాడారు. సువాలో సామాబులా వైపు తెలుగువాళ్ళ పాక ఒకటుందనీ, ఆదివారం అందరూ అక్కడ చేరతారనీ, ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి ఒక ఇంట్లో చోటూ, బట్టలుతికే పనీ చూపిస్తారనీ తెలిసింది. కాని వెంట ఎవరైనా వెళ్ళి మాట ఇవ్వాలి. నాకు కోటు ఉంది, చదువు ఉంది. "బాబు మాటయితే ఇంటారు," అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అందుకే ఒప్పుకున్నాను.

డెక్కు మీద ఎవరి చోటు వాళ్ళకు చెప్పకుండానే ఏర్పడుతుంది. ముందువైపు హిందుస్తానీ వాళ్ళు, పొగగొట్టం దగ్గర అరవవాళ్ళు, చివర చాపలు పరుచుకుని, చేమలాంటి దాలో దుంపల గంపలతో కాయిబీతీలు. ఈ నేల మనుషులను మనవాళ్ళు అలాగే పిలుస్తారు. కోళ్ళగంప పక్కన ఒక చీనా తోటమాలి. నేను నా రేకు పెట్టె మీద విడిగా కూర్చున్నాను. నరసమ్మ నాకు కొంచెం దూరంలో, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మా ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలో ఒక మలబారు సాయిబు వచ్చి గోనెసంచి దించాడు. పేరు మొయిదీన్. వేరుసెనగలు వేయించి ఊరూరా అమ్ముతాడట. అందరూ కాకా అంటారన్నాడు. అతని మాటలో నాలుగు భాషలు ఉంటాయి, ఏదీ పూర్తిగా ఉండదు. నన్నూ ఆమెనూ ఒకసారి చూసి, "క్యా బాబూ, తుమారా తంగచ్చియా?" అన్నాడు. నీ చెల్లెలా అని.

"మా వైపు మనిషి," అన్నాను.

కాకా తల ఊపి, గుప్పెడు సెనగలు తీసి ముందు నరసమ్మకు పెట్టి, తర్వాత నాకు చాపాడు. నాకు ఆకలి లేదన్నాను.

మధ్యాహ్నం నరసమ్మ మూట విప్పింది. కాల్చిన కర్రపెండలం, ఎండుచేపల పచ్చడి. సగం ఆకులో పెట్టి నా వైపు జరిపింది. నేను అటుకుల మూట చూపించాను. ఆమె నవ్వింది. "వోడలో ఒక్క బానలోదే తిన్నాం గదా బాబూ. నేల మీద కాలెట్టీసరికి మరిసిపోనారేటి?" అంది. అందులో కోపం లేదు. నేను సముద్రం వైపు చూశాను. కాసేపటికి ఆమె దాహమంది. నేను లేచి చెంబు ఎత్తి పట్టుకున్నాను, ఆమె దోసిలి పట్టింది, పైనుంచి పోశాను. మా ఇంట్లో కూలివాళ్ళకు నీళ్ళు పోసే తీరు అదే. ఇన్నేళ్ళయినా నా చెయ్యి ఆ ఎత్తు మరిచిపోలేదు. కాకా చూస్తూ సెనగలు ఒలుచుకున్నాడు.

రాత్రికి స్టీమరు పగడపు దిబ్బల లోపల లంగరు వేసి ఆగుతుంది. దుప్పటి తప్పకుండా తెచ్చుకోవాలి. మర్నాడు సువా కొండలు కనిపించే వేళకు నరసమ్మ నా దగ్గరికొచ్చి నిలబడింది.

"ఆ పాకలో, ఈవిడ ఎవరి మనిసి అని అడుగుతారంట. నా సెల్లెలు అని సెప్పండి బాబూ, సాలు. మరేటీ అడగను. మీరా మాట అనకపోతే ఇదే స్టీమరు మీద నన్ను ఎనక్కి అట్టుకెళ్ళాలి. ఎనక్కెళ్తే ఆ సర్దారు ఊరుకోడు."

నేను తల ఊపాను. ఒక మాటే కదా అనుకున్నాను.

సువాలో శనివారం మూడింటికి దిగాం. దిగేసరికి వాన. అక్కడ వాన ఆగుతుందని ఎదురుచూసేవాడు రేవులోనే ఉండిపోతాడు. గొడుగు లేకపోతే దాలో ఆకు తలమీద పెట్టుకుని నడవండి, అందరూ అలాగే నడుస్తారు. వాగు వంతెన దాటితే కమ్మింగ్ వీధి. ఆ వీధిలో నంగోనా దుకాణాలు వరుసగా ఉంటాయి. ఒక మిరియపు జాతి మొక్క వేరును దంచి, నీళ్ళలో పిసికి, కొబ్బరిచిప్పతో తాగుతారు. మట్టి వాసన, నాలుక తిమ్మిరెక్కుతుంది. బయటినుంచి అన్నీ ఒకలాంటి రేకు కొట్లే. లోపలికి తొంగిచూస్తే ఒక్కోదానిలో ఒక్కో దేశం. ఒకచోట అరవవాళ్ళు మారెమ్మ పండగకు నిప్పుల గుండం ఎవరు తొక్కాలో వాదించుకుంటున్నారు. పక్కదానిలో రేవు పని కాయిబీతీలు నడుముకు సులూ గుడ్డలతో, గొంతులు కలిపి చర్చి పాట పాడుతున్నారు. వీధి చివర హిందుస్తానీ వాళ్ళ కొట్లో ఒక ముసలాయన రామాయణం చదువుతుంటే, గుమ్మంలో ఇద్దరు చీనా వాళ్ళు వాన తగ్గేదాకా వింటూ నిలబడ్డారు. ఎవరి గుంపు వాళ్ళదే. అయినా ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు నిప్పు అడగడానికీ, దంచే రోకలి అడగడానికీ మనుషులు తిరుగుతూనే ఉన్నారు. నేను మాత్రం ఏ కొట్లోకీ పోలేదు.

ఆ రాత్రి ఒక గుజరాతీ దుకాణం వెనుక సత్రంలో పడుకున్నాం. ఆడవాళ్ళకు వేరే గది ఉంది. దుప్పటి మనదే.

ఆదివారం పదింటికి సామాబులా చేరాం. ఊరి నడుమ నుంచి రాళ్ళబాట మీద గంట నడక. పాక అంటే నాలుగు గుంజలు, రెల్లు కప్పు, కింద చాపలు. మగవాళ్ళు ఇరవైమంది దాకా, ఆడవాళ్ళు ఒక పక్కగా. విశాఖపట్నం వైపు వాళ్ళు, నెల్లూరు వాళ్ళు, చిత్తూరు వాళ్ళు, వాళ్ళ మధ్య వాళ్ళను పెళ్ళాడిన అరవ ఆడవాళ్ళు. పెద్ద పైడయ్య. రేవులో బరువులు మోసి మోసి ఒక భుజం కిందికి దిగిన మనిషి. నా కోటు చూసి లేచి నిలబడి, చాప దులిపి కూర్చోమన్నాడు. ఆ మర్యాదకు నా వెన్ను ఇంకా నిటారయింది.

నరసమ్మ కథ ఆమే చెప్పింది. అందరూ విన్నారు. సర్దారు మాట వచ్చినప్పుడు ఆడవాళ్ళలో ఒకామె చాప మీద ఉమ్మేయబోయి ఆగింది. తమ ఇంట్లో వెనక గది ఉందని ఆమే అంది. పైడయ్య కొయ్య గంగాళంలోంచి ఒక చిప్ప నంగోనా ముంచి నరసమ్మ చేతికిచ్చాడు. ఆమె నంగోనా తాగే మర్యాద ప్రకారం ఒకసారి చప్పట్లు కొట్టి, చిప్ప అందుకుని, సగం తాగింది. ఆ మిగిలిన సగం పైడయ్య నా ముందుకు తెచ్చాడు.

అప్పుడు తెలిసింది నాకు, అక్కడి పద్ధతి. కొత్తగా వచ్చినవాళ్ళు సగం తాగాలి. వెంట వచ్చినవాడు ఆ మిగిలింది తాగి, వీళ్ళు నాకు ఏమవుతారో అందరి ముందూ చెప్పాలి. ఈ దేశంలో ఎవరికీ రక్తసంబంధం లేదు కాబట్టి వాళ్ళు ఇలా కట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఆమెకు జ్వరమొస్తే కబురు ఆ మనిషికి వెళ్తుంది, ఆమె చచ్చిపోతే తలకొరివి ఆ మనిషే పెట్టాలి.

"ఈవిడ ఎవరి మనిసి?" అన్నాడు పైడయ్య.

చిప్ప నా చేతిలో ఉంది. అంచు మీద ఆమె పెదవి తడి కనిపిస్తూనే ఉంది. ఒక మాట చెప్పడానికి వచ్చాను గాని ఎంగిలి తాగడానికి రాలేదు. మా తాతగారు, మా వాకిలి, అరుగు కింద నిలబడి దోసిళ్ళు పట్టే మనుషులు, అందరూ నాకూ ఆ చిప్పకూ మధ్య నిలబడ్డారు. నరసమ్మ నన్నే చూస్తోంది.

"మా వైపు కూలి మనిషి. జాలిపడి తీసుకొచ్చాను," అన్నాను. చిప్ప చాప మీద పెట్టాను.

నంగోనా పిసుకుతున్న చేతులు ఆగిపోయాయి. పైడయ్య నెమ్మదిగా అన్నాడు: "జాలిపడి తెచ్చినోరు జాలిపడే ఎనక్కి తీసుకెల్తారు బాబూ. ఇక్కడ జాలితో వొచ్చినోలు లేరు."

నేను కోటు గుండీ సవరించుకున్నాను. సవరించుకోవడానికి అక్కడేమీ లేదు. నరసమ్మ లేచి నిలబడింది.

"ఆ బాబును ఏటీ అనకండి. అబద్దం ఆడనేరు. నాకు ఆ బాబు ఏటీ అవరు. ఒక్క వోడలో వొచ్చినాం, అంతే," అంది. మూట తీసుకుంది. నేను ఇవ్వలేని మాట నుంచి నన్ను విడిపించడానికి ఆమె తన చోటు వదులుకుని లేచిందని నాకు అర్థమైంది. అర్థమైనా నా చెయ్యి చిప్ప వైపు కదలలేదు.

పాక అంచున సెనగల సంచితో కాకా నిలబడి ఉన్నాడు. ప్రతి ఆదివారం అక్కడ అమ్మకానికి వస్తాడట. సంచి దించి, చెప్పులు విడిచి, చాప మీదికొచ్చి, నేను పెట్టిన చిప్ప రెండు చేతులా తీసుకుని ఒక్క గుటకలో తాగేశాడు. మూడుసార్లు చప్పట్లు కొట్టాడు.

"మేరా తంగచ్చి," అన్నాడు. నా చెల్లి.

వెనకనుంచి ఎవరో, "కాకా, నువ్వొచ్చింది ఈవిడ ఓడలో కాదు కదరా," అన్నారు.

"నానూ నీళ్ళ మీదే వచ్చా బావా, ఎగిరి రాలే," అన్నాడు కాకా.

పాకంతా నవ్వింది. పైడయ్య కూడా నవ్వి, వెనక గది ఉందన్న ఆడమనిషికి సైగ చేశాడు. ఆమె వచ్చి నరసమ్మ మూట అందుకుంది. తర్వాత చిప్ప మళ్ళీ నిండి చాప చుట్టూ తిరిగింది. నన్ను దాటిపోయిందని చెప్పలేను. నా దగ్గరికి వచ్చినప్పుడు పైడయ్య మర్యాదగా, "బాబుకి అలవాటు నేదు," అని పక్కవాడికి అందించాడు. ఆ మర్యాద కంటే తిట్టు నయం.

సోమవారం స్టీమరు ఏడింటికి. రేవుకు ఎవరూ రాలేదు. వస్తారేమోనని చూశాను, చూసినందుకు నాకే సిగ్గేసింది. డెక్కు మీద మళ్ళీ విడిగా కూర్చున్నాను. ఎండ ముదిరాక ఒక కాయిబీతీ ముసలమ్మ నా దగ్గరికొచ్చి చెంబు చూపించి నీళ్ళడిగింది. లేచాను. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆమెకు దోసిలి పట్టడం తెలియదు. పైకెత్తిన చెంబును నా చేతిలోంచి అందుకుని, నోటికి పెట్టుకుని సగం తాగి, "వినాకా" అని తిరిగి ఇచ్చింది. వాళ్ళ భాషలో మెచ్చుకోలు మాట. వెళ్ళి తన చాప మీద పడుకుంది.

దిబ్బలు దాటేదాకా ఆ చెంబు పట్టుకుని కూర్చున్నాను. లౌటోకా చేరేదాకా వేరే నీళ్ళు లేవు. తాగాను. ఏమీ కాలేదు. నిన్న ఒక ఆడమనిషి బతుకు ఆగిపోబోయింది ఇంతపాటి తడి దగ్గరే. ఇవాళ నా దాహానికయితే అది అడ్డం రాలేదు.

లౌటోకా రేవులో మా ఓడ వాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. నరసమ్మకు చోటు దొరికిందా అని అడిగారు. దొరికిందన్నాను. "బాబు మాట మీదే గదేటి," అని ఒకడు మిగతావాళ్ళ వైపు గర్వంగా చూశాడు. ఊరుకుంటే అలాగే ఉండిపోయేది.

"నా మాట మీద కాదు. మొయిదీన్ అని సెనగలమ్మే సాయిబు మాట మీద," అన్నాను. జరిగిందంతా అక్కడే, రేవు బల్లల మీద నిలబడి చెప్పాను. ఒకడు నా పెట్టె ఎత్తుకుని, మళ్ళీ ఆలోచించి, కింద పెట్టేశాడు. లోవు దాకా నేనే మోసుకున్నాను.

సువా చూడదగ్గ ఊరే. వాన ఎక్కువ, వీధులు బురద, మనుషులు రకరకాలు. ఎవరినైనా వెంటబెట్టుకుని సామాబులా పాకకు వెళ్ళేవాళ్ళు గొడుగూ దుప్పటీ మరిచినా పరవాలేదు, అక్కడ అడిగితే ఇస్తారు. ఈమె ఎవరి మనిషి అని మిమ్మల్నీ అడుగుతారు. దానికి జవాబు మాత్రం స్టీమరు ఎక్కకముందే చూసుకోండి.