చెయ్యెత్తే చుట్టు

మూడో గుట్ట ఎక్కేవాడికి అవతల ఏముందో కనిపించదు. మోటార్ సైకిల్ గాలిలోకి లేచి అటువైపు వాలు మీదకు దిగేటప్పుడు గానీ అక్కడ ఎవరైనా పడి ఉన్నారో లేదో తెలియదు; తెలిసేసరికి చేయగలిగింది ఏమీ మిగలదు. అందుకే గుట్ట పక్కన చెక్కలతో మంచె కట్టి, దాని మీద ఒక మనిషిని నిలబెట్టారు. ఆ మనిషి చేతిలో పసుపు జెండా ఊగుతోందంటే ఎగరొద్దని, ముందువాణ్ణి దాటొద్దని, నెమ్మదిగా రమ్మని అర్థం. మట్టి ట్రాకు మీద ఆదివారాలు సరదాకు బండ్లు నడిపే కుర్రాళ్లందరి ప్రాణాలూ ఆ గుడ్డముక్క మీదే ఆధారపడి ఉండేవి.

ఆ మంచె మీద నిలబడే ఆమెను అందరూ జెండా వదిన అనేవారు. వారమంతా ఆమె మోటార్ సైకిళ్ల సీటు కవర్లు కుట్టేది. మోకాలి మీద రెక్సిన్ పరుచుకుని, పళ్ల మధ్య దారం పట్టుకుని, వచ్చినవాడి ముఖం చూడకుండానే బండి ఏదో అడిగేది. ట్రాకుకు రావడం ఆమె సరదా పడి చేసిన పని కాదు. మరిది టైర్ల షాపులో పని నేర్చుకుంటూ, అక్కడే ఒక పాత బండిని విప్పి బిగించి, పోటీల్లో దిగాడు. బడి బస్సు నడిపే భర్త ఒకటికి పదిసార్లు చెప్పి చూసి, చివరికి ఆమెతో, "వాడు మానడు. నువ్వైనా దగ్గరుండు" అన్నాడు. దగ్గరుండటమంటే ఎక్కడ ఉండాలో ఆమె వెతుక్కుంది. అన్నిటికంటే భయమేసే చోటు ఏదని అడిగి, అక్కడ నిలబడింది. మరిది 'వదినా' అని పిలిస్తే మిగిలినవాళ్లూ అలాగే పిలిచారు. చూస్తూండగానే ఆమెకు ట్రాకునిండా మరుదులయ్యారు.

పోటీ ముగిసినట్టు చివరి గీత దగ్గర నలుపు తెలుపు గళ్ల జెండా ఊపుతారు. ఆ తర్వాత బండ్లన్నీ నింపాదిగా ఇంకొక చుట్టు తిరిగి బయటికి పోతాయి. ఆ చుట్టులో జెండా మనుషుల్ని దాటేటప్పుడు ఒక చెయ్యెత్తి పలకరించడం ఆ ట్రాకు అలవాటు. ఏ నియమావళిలోనూ లేదు, ఎవరూ నేర్పలేదు. దానికి చెయ్యెత్తే చుట్టు అని పేరు కూడా వాళ్లే పెట్టుకున్నారు.

"రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి ఏడవండ్రా!" అని ఆమె మంచె మీంచి అరిచేది.

"దండం పెట్టించుకోవడం కూడా రాదా వదినా నీకు?" అని వాళ్లు అరిచేవారు.

కోపం నటించడానికి ఆమె తల తిప్పుకునేది. నవ్వు వాళ్లకు కనబడకూడదు కదా.

ఆ ఆదివారం మరిది జీవితంలో మొదటిసారి అందరికంటే ముందు గళ్ల జెండా దాటాడు. నెమ్మదిగా తిరగాల్సిన చుట్టులో, మూడో గుట్ట దగ్గరకు వచ్చేసరికి వాడికి సంతోషం పట్టలేదు. పూర్తి వేగంతో గుట్ట ఎక్కి గాలిలోకి లేచాడు. లేచి, ఎడమ చెయ్యి వదిలేసి పైకెత్తాడు. "వదినా!" అన్న కేక ఇంజన్ మోతలోంచి కూడా ఆమెకు వినబడింది. ఒంటిచేత్తో దిగిన బండి ముందు చక్రం అడ్డం తిరిగింది. వాడు మట్టిలోకి, బండి వాడి మీదకి. ఆమె మంచె దిగలేదు. కాళ్లు దిగమంటున్నాయి, చేతులు మాత్రం జెండా ఊపాయి. వెనక వచ్చేవాళ్లందరూ ఆగాక గానీ ఆమె వాడి దగ్గరకు పరుగెత్తలేదు. అంతా అయ్యాక తననెవరూ మెచ్చుకోలేదన్న సంగతి కూడా ఆమెకు తోచలేదు.

ఆసుపత్రి మంచం మీద వాడు కదలకుండా వెల్లకిలా పడుకున్నాడు.

"బండి ఎలా ఉంది?" అన్నాడు.

"నీకంటే బాగుంది."

"అయితే దాన్ని చూడ్డానికెళ్లు. నా దగ్గర ఏం పని?" అని, గొంతు తగ్గించాడు. "వదినా, నా కాళ్లు ఎవరో దాచేసినట్టుంది. దుప్పటి తీసి చూడవా?"

ఆమె దుప్పటి ఎత్తి చూసింది. "ఉన్నాయిరా, రెండూ ఉన్నాయి" అంది. వాడు నమ్మినట్టు కళ్లు మూసుకున్నాడు.

వసారాలో డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. వెన్నుపూస విరిగి నరాన్ని నొక్కుతోంది. ఆ ఆపరేషన్ చేసే పెద్దాసుపత్రి వేరే ఉంది. వారం తిరిగి వచ్చే సోమవారం లోపల అక్కడికి చేరిస్తే వాడు నడిచే అవకాశం ఉంది. ఆ తర్వాత చేసినా మాటివ్వలేడు. పెద్దాసుపత్రివాళ్లు ఇన్సూరెన్స్ కంపెనీ హామీ ఉత్తరం లేకుండా చేర్చుకోరు. భర్త అన్నీ విని, "క్లబ్బు పాలసీ ఉంది కదా" అన్నాడు. అతనికి తెలిసిన ధైర్యం అదొక్కటే.

ట్రాకు నడిపే క్లబ్బుకు ప్రెసిడెంటుగా ఉన్నాయన బ్యాటరీల షాపు నడుపుతాడు. ఆ సాయంత్రమే వచ్చి, ఆమెను మెట్ల దగ్గరకు పిలిచాడు.

"చూడమ్మా, పాలసీ పోటీకే వర్తిస్తుంది. గళ్ల జెండా పడితే పోటీ అయిపోయినట్టే. అది పడ్డాక నీ మరిది కిందపడ్డాడని తెలిస్తే ఉత్తరం ఇవ్వరు. కంపెనీ మనిషి వస్తాడు. ఇంకా పోటీ నడుస్తోందని చెప్పు. చెయ్యెత్తిన సంగతి ఎత్తకు."

"మిగతావాళ్లు?"

"పిల్లలందరికీ చెప్పాను. గళ్ల జెండా ఊపింది మా అల్లుడే. కానీ నీ మరిది పడ్డప్పుడు చూసింది నువ్వొక్కదానివే. నీ మాటే అసలు మాట."

అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. ఎవరైనా కొలతలు తప్పిచ్చినా తనే మళ్లీ కుట్టి ఇచ్చే మనిషి. అయినా మూడు రోజులు ఆ అబద్ధాన్ని మనసులో కుట్టుకుంది, విప్పుకుంది, మళ్లీ కుట్టుకుంది. వాడు రెండు చేతులతోనే దిగాడు. చక్రం జారింది. అంతే. ప్రతిసారీ ఆ ఎత్తిన చెయ్యి కళ్లముందుకు వచ్చి నిలిచేది. ప్రతిసారీ దాన్ని కిందికి దించి హ్యాండిల్ మీద పెట్టేది. తనను చూసి సంతోషంతో లేచిన చెయ్యి అది. దాన్ని దించుతున్నప్పుడల్లా వాణ్ణి తనే పడేస్తున్నట్టుండేది.

గురువారం కంపెనీ మనిషి వచ్చాడు. చెమటలు తుడుచుకుంటూ మంచె ఎక్కి, రెండు వైపులా చూసి, "అమ్మో" అన్నాడు. ప్రెసిడెంటు కింద నిలబడి పైకి చూస్తున్నాడు.

"మీరు ఏం చూశారు?"

"పోటీలో ఉన్నాడు సార్. రెండు చేతులతోనే దిగాడు. చక్రం జారింది."

"చెయ్యి ఎత్తలేదా? వార్డులో పక్క మంచం ఆయనకు మీ మరిది ఇంకోలా చెప్పాడట."

మత్తు మందుల మధ్య వాడు తన గెలుపును గురించి ఎవరికి చెప్పుకోడు?

"నాకు దాంతో పని లేదమ్మా" అన్నాడు కంపెనీ మనిషి, విసుగు లేకుండా. "ఎత్తాడా లేదా, గళ్ల జెండా పడిందా లేదా, ఇవేవీ నాకు అక్కర్లేదు. మా పాలసీలో 'పోటీ' అన్న మాటే లేదు. 'కార్యక్రమం' అని ఉంది. ఆఖరి బండి ట్రాకు దాటేదాకా కార్యక్రమమే. మీ ప్రెసిడెంటు గారు చదవలేదా?"

ప్రెసిడెంటు బూటుతో మట్టి గీకుతున్నాడు.

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరూ తెరిచి చదవని ఒక్క మాట కోసం ఇన్ని రాత్రులు వాడి చెయ్యి దించుతూ కూర్చుంది.

"ఎత్తాడు సార్" అంది. "నా కోసమే ఎత్తాడు. అబద్ధం చెప్పాను. మరి ఉత్తరం ఇస్తారా?"

"నాకు కావలసింది వేరే. అవతలి వాలు కనబడని గుట్ట దగ్గర ఇద్దరుండాలి. ఎక్కే వైపు ఒకరు, దిగే వైపు ఒకరు. ఆ షరతు మీదే క్లబ్బుకు పాలసీ ఇచ్చాం. రెండో మనిషి ఎవరు?"

రెండో మనిషి ఏనాడూ లేడు. ఆదివారం పూట ఇంకొకర్ని ఎక్కణ్ణుంచి తేను అని ప్రెసిడెంటు అనేవాడు. నేనొక్కదాన్ని చాలులెండి అని ఆమె అనేది.

అంతవరకే అయితే ఆమె కథ అక్కడే ముగిసేది. కానీ కంపెనీ మనిషి మంచె దిగాక, బండి స్టార్ట్ చేయబోతూ ఆగి, చెప్పకపోయినా తన ఉద్యోగానికి లోటులేని సంగతి ఒకటి చెప్పాడు. షరతు తప్పింది క్లబ్బు, పడ్డవాడు కాదు. అలాంటప్పుడు కంపెనీ ముందు ఆసుపత్రికి హామీ ఇస్తుంది, తర్వాత క్లబ్బు దగ్గర రాబట్టుకుంటుంది. అయితే ఆ గుట్ట దగ్గర ఒక్కరినే పెట్టామని క్లబ్బు సంతకం పెట్టి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే విచారణ జరుగుతుంది. విచారణకు నెలలు పడతాయి.

"వెన్నెముకకు ఆ సంగతి తెలియదు కదమ్మా" అని కూడా అన్నాడు.

నియమాలు రాసేవాళ్లు మనుషులు పడిపోతారని ఊహించే రాస్తారు. పడినవాణ్ణి లేపడానికి ఎవరి సంతకం కావాలో కూడా రాస్తారు. ఆ సంతకం పెట్టాల్సినవాడు వెనకాడితే ఏం చేయాలో మాత్రం రాయరు. ఆమె ఆ ఖాళీలో మూడు రోజులు తిరిగింది. బ్యాటరీల షాపుకు మొదటిసారి వెళ్లినప్పుడు ప్రెసిడెంటు కుర్చీ వేయించాడు. రెండోసారి ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించాడు. మూడోసారి తప్పించుకోలేక నోరు విప్పాడు.

"రాబట్టుకోవడమంటే ఎవరి దగ్గరమ్మా? క్లబ్బంటే నేను. షాపు పోతుంది, ట్రాకు పోతుంది. నేనేమైనా దాంట్లో మిగుల్చుకున్నానా? వీధుల మీద పడి ప్రాణాలు తీసుకునే పిల్లల్ని ఒకచోట చేర్చడం నా తప్పా?"

"మీ తప్పని నేననలేదు. ఒక్కదాన్నే ఉన్నానని ఉన్నమాట రాయండి."

"ఒక్కదాన్ని చాలన్నది నువ్వే కదమ్మా! నేను బలవంతపెట్టానా?"

"లేదండీ. అదీ రాయండి."

ఆయన తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయాడు. భర్త బస్సు ఆపి రోడ్డు మీద ఎదురుచూస్తున్నాడు. ఆమె ముఖం చూసి, ఏమీ అడగకుండా తలుపు తెరిచాడు.

ఆదివారం వచ్చింది. మర్నాడే సోమవారం. అది ఏడాది చివరి పోటీ, అందరూ వచ్చారు. ఆమె మంచె ఎక్కుతుంటే ఇంటికి వెళ్లమని నలుగురు చెప్పారు, ఆమె వినిపించుకోలేదు. దిగే వైపు ఆ రోజు కూడా ఎవరూ లేరు.

బండ్లు బయల్దేరాయి. మొదటి బండి మూడో గుట్ట వైపు తిరిగేసరికి పసుపు జెండా ఊగుతోంది. వాడు వేగం తగ్గించి, ఎగరకుండా గుట్ట ఎక్కి దిగాడు. అవతల ఎవరూ పడి లేరు. వెనకవాళ్లూ అలాగే ఒకరినొకరు దాటకుండా వరసకట్టి దిగారు. రెండో చుట్టులోనూ జెండా ఊగుతూనే ఉంది. మూడో చుట్టులోనూ. పోటీ ఊరేగింపయింది.

"వదినా, ఎవరు పడ్డారు?" అని ఒకడు బండి ఆపి అడిగాడు.

"మీ వాడే. ఇంకా లేవలేదు. పడ్డవాడు లేచేదాకా జెండా దించకూడదు. మీకు తెలియదా?"

వాడు హెల్మెట్ తీసి ఆమెను చూశాడు. తర్వాత ఇంజన్ కట్టేశాడు. వెనకాల ఒక్కొక్క ఇంజనే ఆగిపోతూ వచ్చింది. ట్రాకు మీద ఎప్పుడూ వినబడని నిశ్శబ్దం వినబడింది. జెండా గాలికి టపటపలాడుతోంది. ఆమె భుజాలు పీకుతున్నాయి, పెదవి కొరుక్కుని ఊపుతోంది.

ప్రెసిడెంటు ఆయాసపడుతూ గుట్ట ఎక్కాడు. "దిగమ్మా. నవ్వులపాలు చేస్తున్నావు."

ఆమె దిగలేదు.

"సంతకం పెడితే ఈ ట్రాకు ఉండదు" అన్నాడు. కుర్రాళ్లందరికీ వినబడాలనే గట్టిగా అన్నాడు. "మీకెవ్వరికీ ఆదివారాలుండవు. తెలుసా?"

ఆయన వాళ్ల వైపు తిరిగి చూశాడు. ఎవరూ బండి స్టార్ట్ చేయలేదు. ఎవరూ ఆయన మాటకు తలూపనూ లేదు. ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. వాళ్లకు ఆదివారాలు కావాలి, అది ముఖాల్లో తెలుస్తూనే ఉంది. అయినా కదల్లేదు.

"నీకూ ఈ మంచె ఉండదమ్మా."

"తెలుసండీ" అంది. "మీ కాళ్లు పట్టుకోమంటే దిగి పట్టుకుంటాను. కానీ చెయ్యి ఖాళీ లేదు. రేపు సోమవారమండీ."

ఆయన మట్టిలోనే చతికిలబడ్డాడు. చాలాసేపు చేతులు చూసుకున్నాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "కలం ఉందా ఎవరి దగ్గరైనా?" అన్నాడు.

రేసు బట్టల్లో ఉన్న ఆ కుర్రాళ్లు అలవాటు కొద్దీ జేబులు తడుముకున్నారు. వాటికి జేబులు లేవు. ఒకడు బూట్లతోనే షెడ్డు వైపు పరుగు తీశాడు. ఆయన లేచి వెళ్లిపోతాడేమోనని అందరూ ఆయన్నే చూస్తున్నారు. మంచె మీద ఆమె జెండా ఊపుతూనే ఉంది.