పదకొండు గంటల నీళ్లు

చీపురుపల్లి సహకార బ్యాంకులో గుమస్తాగా ఉంటూ త్యాగరాజు పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవిలో పోయాడు. ఆ ఉద్యోగం అతని భార్య రాజ్యలక్ష్మికి ఇచ్చారు. ఆరు నెలలు పని చూసి ఖాయం చేస్తామన్నారు. ఖాయం కాకపోతే శృంగవరపుకోటలో మరిది ఇంట వంట చేసిపెడుతూ బతకాలి.

కుర్చీ కూడా ఆయనదే. ఆయనది ఎడమచేతి వాటం. మోచెయ్యి ఆనీ ఆనీ ఎడమవైపు చెక్క పల్లం పడింది. అక్కడ చెయ్యి పెట్టాలంటే ఆవిడకు ఆయన్ని పక్కకు నెట్టినట్టుండేది.

బ్యాంకులో అందరూ మంచివాళ్లే. అదే చిక్కయింది. పక్క బల్ల జగన్నాధం ఆవిడ పని చడీచప్పుడు లేకుండా పట్టుకుపోయి తనే చేసేసేవాడు. ఆవిడ తప్పు చేస్తే ఎవరూ చెప్పేవారు కారు. రైతులు కిటికీలోంచి తొంగిచూసి, బాబు లేరేటని అడిగి నాలిక కరుచుకునేవారు.

పదకొండింటికి నీళ్ల అసిరమ్మ ఇత్తడి గ్లాసు తెచ్చి, ఎప్పటిలాగే బల్ల ఎడమ మూలన పెట్టేది. రైలు వెళ్లినప్పుడల్లా అందులో నీళ్లు వణికేవి. ఆవిడ కలం ఆగిపోయేది.

అయిదో నెలలో సెక్రటరీ నరసింగరావు పిలిచాడు.

"పని సాగడం లేదమ్మా. పైకి ఏమని రాయమంటారు?"

ఆవిడ తలెత్తి అడిగింది.

"నా పని నన్నే చెయ్యనివ్వండి. బల్ల అవతలి గోడకు మార్పించండి. కుర్చీ వేరేది ఇప్పించండి."

సంగతి విని జగన్నాధం మొహం చిన్నబోయింది.

"అన్నయ్య గురుతు కూడా ఉండనీవేటి, వదినా?"

"గుర్తు ఇంట్లో ఉంది నాయనా. ఇక్కడ నా తప్పులు నాకు చెప్పు."

బల్ల, కుర్చీ మారాయి. తప్పులు ముభావంగానే చెప్పాడు. ఆవిడ దిద్దుకుంది. రానురాను అతనికి చెప్పే పని తగ్గింది.

అసిరమ్మ మాత్రం రెండు గ్లాసులు తేవడం మొదలుపెట్టింది. ఒకటి ఆవిడకు. రెండోది బల్ల మునుపున్న చోట, కిటికీ గట్టు మీద.

"బాబుకి ఈ యేళకి దాహమేస్తాదమ్మా. నానెలాగ మానీగల్ను?"

ఎవరూ వద్దనలేదు. ఆ జాగాలో ఎవరూ ఏమీ పెట్టలేదు.

ఉద్యోగం ఖాయమైన సాయంత్రం ఆవిడ ఇంటికి బయల్దేరుతూ కిటికీ దగ్గర ఆగింది. గ్లాసులో నీళ్లు కాస్త తగ్గి ఉన్నాయి. ఎండకేమో అనుకుంది. కానీ ఆ రోజు ముసురు.

వెనక్కి వచ్చి తన గ్లాసు బోర్లించి, వెళ్లిపోయింది. రెండో గ్లాసు ముట్టలేదు.