పిన్ని అల్లిన ఎండలు

మా పిన్నికి ఎండని కొలిచి అల్లే పిచ్చి. రోజుకో వరస ఊలు: చల్లగా ఉంటే నీలం, వేడెక్కితే పసుపు, మాడిపోతే ఎరుపు. ఏడాదికో మఫ్లర్. పదకొండేళ్లవీ పక్కపక్కన వేలాడదీస్తే, ఏటేటా ఎరుపు ఎలా పాకుతోందో అక్షరం రానివాడికీ అర్థమైపోతుంది.

చుట్టాలొస్తే "బాగున్నారా" అనేది కాదు, "మీ ఊళ్లో ఎంత?" అనేది. బాబాయికి జ్వరమొస్తే, "నూట రెండా! అంత ఎర్ర ఊలు నా దగ్గర లేదు" అంది.

పిన్ని మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. డాబా మీద థర్మామీటరుకి చెక్కపెట్టె చేసింది నేనే, రోజూ రెండింటికి చూసి చెప్పే పనీ నాదే. కింద గదిలో కుట్టు మిషన్లు బాగుచేస్తుంటే కిటికీలోంచి కేక వచ్చేది.

"ఎంతరా?"

పన్నెండో ఏడు పనులు పెరిగి నాకు బద్ధకం పట్టింది. ఓ రోజు మిషను మీంచి తలెత్తకుండా "ముప్పై ఒకటి" అనేశాను. మర్నాడూ అదే. అలా నలభై రోజులు! చేతిపనిని తప్ప మాటల్ని నమ్మనని అందరికీ చెప్పుకు తిరిగేవాణ్ణి నేనే.

ఇంతలో వాతావరణ కార్యాలయం వాళ్లు పన్నెండు మఫ్లర్లనీ ప్రదర్శనకి అడిగారు. తమ లెక్కల పక్కనే వేలాడదీస్తారట. పన్నెండేళ్ల అల్లిక నా ఒక్క మాటతో నవ్వులపాలు! చెబుదామని మూడుసార్లు నోరు తెరిచి, మూడుసార్లూ మూసుకున్నాను.

ప్రదర్శనలో అధికారి చివరి మఫ్లర్ మీద వేలు పెట్టాడు. "ఈ నలభై వరసలూ తెల్లగా ఉన్నాయేమిటమ్మా?"

"కొలవని రోజులండీ. తెలియంది అల్లకూడదు కదా. నేనే మోకాళ్ల నొప్పులతో డాబా ఎక్కలేకపోయాను" అంది పిన్ని.

"మా పాత పుస్తకాల్లో కొలవని రోజులకి కూడా అంకెలుంటాయమ్మా" అని ఆయన చేతులు జోడించాడు.

బయటికొచ్చాక అడిగాను. "పిన్నీ, నీకెప్పుడు తెలిసింది?"

"వడగళ్లు పడ్డ రోజు కూడా ముప్పై ఒకటే అన్నావు కదరా వెధవా!"

"మరి అడగలేదేం?"

"అడిగాగా, రోజూ! ఎంతరా అని."

సంచిలోంచి టోపీ తీసింది. మొత్తం ఒకటే పసుపు రంగు.

"మఫ్లర్‌లోంచి విప్పేశాను గానీ, నీ అబద్ధాలు పారెయ్యబుద్ధి కాలేదు. నలభై వరసలూ నీ తలకి సరిగ్గా సరిపోయాయి. చలికాలం వస్తోంది, చెవులు కప్పుకో."

ఇప్పుడు రోజూ రెండు కాగానే ఆ టోపీ పెట్టుకునే డాబా ఎక్కుతున్నాను, ఎండాకాలంలో కూడా.