బావిలో అల్లిన తాడు

నా చిన్నప్పుడు మా చేనిలో ఉన్న బావిలోకి దిగడమంటే నాకు వాకిట్లోకి దిగినంత మామూలుగా ఉండేది. బాన్సువాడ నుంచి నస్రుల్లాబాద్ వెళ్లే దారికి కాస్త లోపలగా ఉండేది ఆ చేను. బావి గోడలోంచి రాతి పలకలు బయటికి పొడుచుకుని ఉండేవి. మాకు అవే మెట్లు. ఆ ఏడు కాలువకు నీళ్లు రాలేదు, బావిలో నీళ్లు బాగా అడుక్కి పోయాయి.

ఇంట్లో పెద్దవాళ్లంతా వర్ని వైపు ఒక పెళ్లికి వెళ్లారు. నేనూ మా నాయనమ్మా పశువులకు గడ్డి కోసుకురావడానికి చేనుకు వచ్చాం. ఆమె గడ్డి కోస్తుంటే నాకు దాహం వేసి, చెంబు పట్టుకుని బావిలోకి దిగాను. సగం దాటాక కాలి కింది రాయి కదిలింది. పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. రాయి నీళ్లలో పడిన చప్పుడు విన్నాను. నేను మాత్రం నీళ్లకు కొంచెం పైన, ఎప్పుడో గోడ కూలినప్పుడు మిగిలిన చిన్న మట్టిదిబ్బ మీద పడ్డాను. ఒక చీలమండ మంటపెట్టినట్టు నొప్పి. నాకు ఈత రాదు.

"అవ్వా!" అని అరిచాను. నాయనమ్మను అలాగే పిలిచేదాన్ని.

పైన ఆమె తల కనిపించింది. వెలుగు వెనక ఉండటంతో ముఖం నల్లగా ఉంది, కళ్లు కనబడలేదు.

"దెబ్బ తాకిందా బిడ్డా? కదులకు. గోడకు ఆనుకొని కూసో."

ఆమె మోకాళ్లు అప్పటికే సరిగా వంగేవి కావు. ఇప్పుడు మెట్టు కూడా లేదు. ఆమె చుట్టూ తిరిగి గట్టిగా కేకలు వేసింది. ఎవరూ పలకలేదు. కొన్ని చేల అవతల చెరకు గానుగ ఆడుతోంది, మనుషులంతా అక్కడే ఉన్నారు. గానుగ చప్పుడులో ముసలావిడ గొంతు ఎవరికి వినబడుతుంది?

"నేను పోయి మందిని తోలుకొస్త బిడ్డా."

"వద్దే అవ్వా! నన్ను ఇడిసిపెట్టి పోకే!"

నేను లేవబోయాను. కాలి కింద మట్టి కొంత జారి నీళ్లలో పడింది. పైనుంచి ఆమె చిన్నగా ఒక శబ్దం చేసింది, మాట కాదు అది. ఆ తర్వాత బట్ట చింపుతున్న చప్పుడు. గడ్డిమోపు కట్టడానికి తెచ్చుకున్న పాత చీరను పళ్లతో పట్టి చింపుతోంది. ఆ పేలికలన్నీ ఉండచుట్టి నా ఒళ్లో పడేలా విసిరింది.

"ఇగ జెర ఇను. మూడు పేలికలు ఒక్కతాన ముడేసి జడ లెక్క అల్లు. మంచిగ గుంజి అల్లాలె. ఒకటి అయిపోతె ఇంకోటి ముడేసుకో. నేనొచ్చేసరికి తాడు తయారుండాలె. గా తాడుతోనే నిన్ను పైకి గుంజుత. వదులుగ అల్లితె తెగుతది, సూస్కో మరి."

ఆమె అడుగుల చప్పుడు దూరమైంది. నేను ఒక్కదాన్నే మిగిలాను.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో ఇప్పటికీ చెప్పలేను. పైన గుండ్రంగా కనిపించే ఆకాశం రంగు మారుతూ వచ్చింది. గోడ సందుల్లోని పావురాలు రెక్కలు కొట్టినప్పుడల్లా ఇంకో రాయి ఊడుతోందేమోనని ముడుచుకుపోయేదాన్ని. నాయనమ్మ దారిలో పడిపోతే? నేనిక్కడ ఉన్నానని మరెవరికీ తెలియదు కదా? ఆ ఆలోచన వచ్చినప్పుడు లేచి గోడ పట్టుకుని ఎక్కేద్దామనిపించింది. కానీ తాడు ఇంకా మూరెడు కూడా కాలేదు. తాడు లేకపోతే ఆమె వచ్చినా నన్ను లాగలేదు కదా అనుకుని మళ్లీ పేలికలు చేతికి తీసుకున్నాను.

ఒకసారి నీళ్ల మీద తల పైకెత్తి పాము ఈదుకుంటూ వచ్చింది. నా దిబ్బకు దగ్గరగా వచ్చి ఆగింది. చేతులు బిగుసుకుపోయాయి. అది గోడ వారగా వెళ్లిపోయాక చూస్తే, అప్పుడు అల్లిన కాస్తా వంకరగా, వదులుగా ఉంది. తెగుతుందన్న భయంతో దాన్ని విప్పి మళ్లీ అల్లాను. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అల్లాను. పేలిక అయిపోయినప్పుడు ఇంకోటి ముడివేశాను.

చివరికి పైన మనుషుల గొంతులు వినిపించాయి. గానుగ దగ్గరివాళ్లు లావుపాటి మోటతాడు తెచ్చారు. ఒకతను దాన్ని నడుముకు కట్టుకుని దిగాడు. నన్ను భుజాన వేసుకోబోతే నేను నా తాడు ముందుకు చాపాను.

"దీనితోని గుంజాలెనట."

అతను దాన్ని చూసి, పైకి చూసి, "మంచిగ అల్లినవ్ బిడ్డా. ఇడవకు, పట్టుకొనే ఉండు" అన్నాడు.

పైకి వచ్చాక నాయనమ్మను గుర్తుపట్టలేకపోయాను. జుట్టు విడిపోయింది. పాదాలకు చెప్పుల్లేవు, వేళ్ల మధ్య నెత్తురు. నన్ను ఒళ్లోకి లాక్కుని తల నిమురుతూనే ఉంది. నాకేమో రోషం వచ్చింది.

"నా తాడుతోని ఎందుకు గుంజలే?"

"గది గుంజనీకె గాదు బిడ్డా. నేనటు పోంగనే నువ్వు గోడ వట్టుకొని ఎక్కుతవేమోనని బుగులైంది. అందుకే నీ చేతులకు పని జెప్పి పోయిన." నా చేతిలోని తాడు తడిమి, "నా చేతులకే ఏం పని లేకపాయె. ఉరుకుతుంటె ఒక్కతీరుగ వణికినయి" అంది.

ఇంటికి వచ్చాక ఎవరో ఆమెకు చాయ్ ఇచ్చారు. గ్లాసు పట్టుకోలేక కింద పెట్టేసింది. అప్పటిదాకా మా ఇంట్లో దేనికీ భయపడని మనిషి ఆమే అనుకునేదాన్ని. నా కాలికి కట్టు కడుతుండగా చూశాను, ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, నేను ఆపిన చోటి నుంచి ఆ జడను అల్లుకుంటూ పోతోంది. మెల్లమెల్లగా ఆమె వేళ్లు కుదుటపడ్డాయి. తర్వాత ఆ తాడును గుండ్రంగా చుట్టి, దారంతో కుట్టి, కూర్చునే చాప చేసింది.

ఇప్పుడు నేను ఆమె వయసు దాటాను. బాన్సువాడలో మా గల్లీలోని ఆడవాళ్లం కొందరం మధ్యాహ్నాలు మా అరుగు మీద కూర్చుంటాం. పాత చీరలతో కాళ్లు తుడుచుకునే పట్టాలు, కుండల కింద పెట్టే చుట్టలు, ఉయ్యాల తాళ్లు అల్లుతాం. కళ్లు సరిగా కనబడకపోయినా చేతులకు తెలుసు. ఇంటికి పనికొస్తాయి, కాలక్షేపం కూడా.

పోయిన వానాకాలం ఒకరోజు పక్కింటి అక్క పొద్దున్నే వచ్చింది. ఆమె కొడుకు లారీ నడుపుతాడు. మద్నూర్ దాటాక ఫోన్ కలవడం లేదు. అటు రోడ్డు మీద నీళ్లు వచ్చాయని ఎవరో చెప్పారు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. "ఏం గాదు అక్కా" అనడానికి నాకు నోరు రాలేదు. ఏమవుతుందో నాకేం తెలుసు? పేలికల బుట్ట ఇద్దరి మధ్య పెట్టాను. ఇద్దరం అల్లుతూ కూర్చున్నాం. ఆమె చేతిలోది వదులైనప్పుడు విప్పి ఇచ్చాను. పొద్దు వాలే వేళకు ఫోన్ మోగింది. కొడుకు గొంతు వినగానే ఆమె భోరున ఏడ్చింది.

నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. రాత్రి ఎవరైనా తలుపు తట్టినా, దవాఖానలో నా పేరు పిలిచినా చాలు. అలాంటప్పుడు ధైర్యం కోసం ఎదురుచూస్తూ కూర్చోను. చేతికి ఏదో ఒక పని ఇచ్చుకుంటాను, పక్కన ఇంకెవరైనా వణుకుతుంటే వాళ్లకూ సగం ఇస్తాను.